అభ్యంతరం లేని అధ్యక్షురాలు

సర్క్యులర్ వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతికి సంధులు చెబుతున్నాను. సంచిలోని ఫోను ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. పిల్లలు నవ్వుకున్నారు. ఆ మోత మా జిల్లాలో అందరికీ పరిచయమే. పైనుంచి ఏ ఆదేశం వచ్చినా ప్రతి ఉపాధ్యాయుడూ దాని కింద ‘నోటెడ్ సర్’ అని రాయాలి. ఆదేశం ఒకటే ఉంటుంది, మోత సాయంత్రం దాకా ఉంటుంది.

ఈసారి ఆదేశం ఆ మోత గురించే. మా విద్యా సంభాషణల విభాగం చాలా ఏళ్లుగా వాడుతున్న ఆన్‌లైన్ చాట్ పేరు సంవాదిని. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దాని లోపల ఏముందో, అది ఎలా పనిచేస్తుందో చూసే వీలు ఎవరికీ లేదు. కనుక విద్యా సంవత్సరం ముగిసేలోగా, లోపలి కట్టడం అందరికీ కనిపించే, ఎవరైనా చూసి దిద్దుకోగల ఓపెన్ సోర్స్ చాట్‌ను ఒకదాన్ని ఎంచుకుని అందరూ అందులోకి మారాలి. ఆ తరువాత సంవాదినిని శాశ్వతంగా ఆపివేస్తారు. 

ఆలోచనలో నాకు తప్పేమీ కనిపించలేదు. మన మాటలు ఉండే ఇల్లు మనదే కావడం మంచిది. నేనూ ‘నోటెడ్ సర్’ అని రాశాను. కానీ సంవాదినిలో ‘సందేహాల గది’ అని ఒకటుంది. లెక్కల్లో సందేహం వచ్చిన పిల్లలు సాయంత్రం పూట ఇంట్లో ఎవరి ఫోనో తీసుకుని అందులో అడిగేవారు. మా బడి లెక్కల టీచరు హైమవతి తన గొంతుతోనే జవాబులు పంపేది. అవన్నీ అందులోనే ఉన్నాయి. పదో తరగతి పిల్లలు ఇప్పటికీ వింటున్నారు. నేను కూడా వింటాను. నేను తెలుగు మాస్టారిని. లెక్కలతో నాకు పని లేదు.

హైమవతి నా భార్య. కిందటి శ్రావణంలో పోయింది.

సంవాదిని ఆగిపోయేలోగా ఆ గదిని కొత్త చాట్‌లోకి చేర్చగలిగితే చాలు. నాకు కావలసింది అంతే.

చాట్‌ను ఎంచుకోవడానికి అయిదుగురితో ఒక సంఘం వేశారు. డిప్యూటీ డైరెక్టర్ త్రివిక్రమరావు గారు అధ్యక్షులు. ఆఫీసు సూపరింటెండెంట్ దమయంతి గారు, మా బడి కంప్యూటర్ మాస్టారు బెనర్జీ, పక్క మండలం నుంచి సైన్సు మాస్టారు షరీఫ్ సభ్యులు. అయిదో సభ్యురాలు హైమవతి. ఆ జాబితా తయారైంది నిరుటి వేసవిలో. ఆమోదం పొంది కిందికి దిగేసరికి కార్తికం వచ్చింది. సంఘం నిర్ణయాలను చక్కని తెలుగులో రాసిపెట్టడానికి నన్ను తీసుకున్నారు. నాకు మాట్లాడే హక్కు లేదు, రాసే బాధ్యత మాత్రం ఉంది.

మొదటి సమావేశంలో దమయంతి గారు హాజరు పిలిచారు. హైమవతి పేరు దగ్గర ఆగి నా వైపు చూశారు.

“ఆవిడ లేరండి,” అన్నాను.

“తెలుసు మాస్టారూ. పదోరోజుకి నేనూ వచ్చాను గదా. గారెలు కూడా వడ్డించాను.”

“మరి పేరు తీసేస్తే బాగుంటుందేమో.”

“తీసేద్దును గానీ, సభ్యుల్ని తీసే అధికారం నాది కాదే. సంఘం తీర్మానించాలి. సంఘం తీర్మానించాలంటే సభ్యులందరికీ నోటీసు వెళ్లాలి. ఆవిడక్కూడా వెళ్లాలి. ఆవిడ నోటెడ్ అని పెట్టాలి.”

“పెట్టలేదు గదండి.”

“అదే గదా మరి ఇబ్బంది,” అని ఆవిడ నిట్టూర్చి, పేరు ఎదురుగా చిన్న చుక్క పెట్టారు.

త్రివిక్రమరావు గారు లేచి నిలబడి మాట్లాడారు. ఆయన కూర్చుని మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. “మిత్రులారా, మనం ఇక్కడ కేవలం ఒక చాట్‌ను ఎంచుకోవడం లేదు. పారదర్శకతను, భాగస్వామ్యాన్ని, స్వావలంబనను త్రికరణశుద్ధిగా ఆహ్వానిస్తున్నాం. కాబట్టి మన పనితీరు కూడా ఓపెన్ సోర్స్ పద్ధతిలోనే ఉండాలి. ఆ సముదాయాల్లో చేతులెత్తించడాలు, చీటీలు వేయించడాలు ఉండవట. ఒక ప్రతిపాదన పెడతారు. వారం ఆగుతారు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టే. దీనికి నిరభ్యంతర విధానం అని నామకరణం చేస్తున్నాను.”

“ఒక్కరు అభ్యంతరం చెప్పినా ఆగిపోతుందా సార్?” అని షరీఫ్ అడిగాడు.

“ఆగిపోతుంది. కానీ ఇంత ఉదాత్తమైన విషయంలో ఎవరు చెబుతారు?”

బెనర్జీ ‘గువ్వ’ అనే చాట్‌ను ప్రతిపాదించాడు. మన కంప్యూటర్‌లోనే మన చాట్ నడుస్తుందనీ, ఎవరి దయా అక్కర్లేదనీ అతనికి దాని మీద ఎంతో ప్రేమ. షరీఫ్ ‘అరుగు’ కావాలన్నాడు. అందులో ప్రతి మాటకూ ఒక శీర్షిక ఉంటుంది, ఏ విషయం ఆ విషయం కిందే సాగుతుంది. దమయంతి గారు ‘తాళం’ మేలన్నారు. అందులో ఎవరి మాటలకు వారి దగ్గర పన్నెండు పదాల తాళంచెవి ఉంటుంది. అది పోతే తమ మాటలు తామే చదువుకోలేరు. ఆ లక్షణం ఆవిడకు బాగా నచ్చింది.

వారం తిరిగేసరికి గువ్వ మీద రెండు అభ్యంతరాలు వచ్చాయి. పొద్దున్నే మల్లెపూల బొమ్మతో పంపిన శుభోదయం అందులో మధ్యాహ్న భోజనం వేళకు చేరుతోందని ఒకటి. పక్షి పేరు గనక పశుసంవర్ధక శాఖ వారితో సంప్రదించాలని ఇంకొకటి. అరుగు మీద మూడు వచ్చాయి. తాళం మీద వచ్చినవి నేను లెక్కపెట్టలేదు. మూడింటి మీదా అభ్యంతరం చెప్పని సభ్యురాలు ఒక్కరే. నేను అలాగే రాశాను: శ్రీమతి హైమవతి గారికి ఏ ప్రతిపాదనపైనా అభ్యంతరం లేదు.

“చూశారా,” అన్నారు త్రివిక్రమరావు గారు, “ఆ స్ఫూర్తి మనందరిలో ఉండాలి.”

ఒక్కటీ తేలలేదు గనక మూడింటినీ వాడి చూడాలని నిర్ణయించారు. మా కష్టాలు అక్కడి నుంచి మొదలయ్యాయి.

అరుగులో ‘నోటెడ్’ అని రాయనక్కర్లేదు, బొటనవేలి గుర్తు నొక్కితే చాలని షరీఫ్ అందరికీ నేర్పాడు. ఉపాధ్యాయులకు ప్రాణం లేచొచ్చింది. మొదటి ఆదేశం కిందే వందల బొటనవేళ్లు లేచాయి. ఆఫీసులో మాత్రం అది పెద్ద సందిగ్ధమైంది. బొటనవేలు సంతకం కిందికి వస్తుందా, వేలిముద్ర కిందికి వస్తుందా? నిబంధనలు తిరగేస్తే బొటనవేలు అన్న మాట ఒక్క చోటే దొరికింది. ఆ ప్రకారం సంతకం చేయలేక బొటనవేలు వాడినవారందరినీ వయోజన విద్యా కేంద్రాలకు సిఫార్సు చేశారు. మా హెడ్మాస్టరు గారికి పలక, బలపం అందాయి. ఆయన మంచి మనిషి. ఆ సాయంత్రం వెళ్లి కూర్చుని అ, ఆ లు దిద్ది వచ్చారు. పాఠం చెప్పిన అమ్మాయి ఆయన దగ్గర చదువుకున్నదే. దస్తూరీ మెరుగుపడాలని చెప్పిందట.

తాళంలో చేరినవారు తాళంచెవులు పోగొట్టుకుంటారేమోనని దమయంతి గారు ముందు జాగ్రత్త తీసుకున్నారు. అందరి పన్నెండేసి పదాలూ తెప్పించి, కవర్లలో పెట్టి, లక్క వేసి, బీరువాలో పెట్టించారు. అలా అందరి రహస్యమూ ఒకేచోట భద్రంగా ఉంది. ఆ బీరువా తాళంచెవి పట్టుకుని ఆవిడ మేనకోడలి పెళ్లికి వెళ్లారు. ఆ పెళ్లి ముగిసేవరకు జిల్లాలో సగంమంది తాము రాసింది ఏమిటో తామే చదువుకోలేకపోయారు.

గువ్వలో ఉన్నవారి మాట అరుగులో ఉన్నవారికి చేరదు. అరుగులో మాట తాళంలోకి వెళ్లదు. బెనర్జీ దీనికి మార్గం ఉందన్నాడు.

“ఇవన్నీ ఓపెన్ సోర్సే కదా సార్. వీటి మధ్య వారధి కట్టొచ్చు. అటు మాట ఇటు, ఇటు మాట అటు దానంతటదే పోతుంది.”

“అద్భుతం,” అన్నారు త్రివిక్రమరావు గారు. “వారధికి ఉత్తర్వులు ఇప్పిస్తాను.”

ఆయన ఇప్పించారు. ఆఫీసు వరండాలో ఒక బల్ల వేసి, దాని మీద మూడు ఫోన్లు పెట్టి, రికార్డు అసిస్టెంటు వెంకటస్వామిని వారధిగా నియమించారు. ఒక ఫోనులో వచ్చింది చదివి మిగతా రెండింటిలో కొట్టడం అతని పని. బెనర్జీ వెళ్లి చూసి తల పట్టుకున్నాడు.

“ఏందయ్యా స్వామీ ఇది? నేను పంపిన రెండు పేజీల రిపోర్టు అటు పక్క ‘అందరూ క్షేమం’ అని వెళ్లింది.”

“క్షేమమేగా సార్?”

“క్షేమమే గానీ...”

“మరింకేం. అంత పొడుగు ఎవరు కొడతారండి. సారం పంపించా. మీకు అంత పట్టింపుగా ఉంటే కుదించి రాయండి.”

నిజం చెప్పాలంటే, ఆ నెలలో జిల్లాలో అందరికీ అర్థమైన సందేశాలు వెంకటస్వామివే.

ఈలోగా కొందరు హెడ్మాస్టర్లు సర్క్యులర్‌ను శ్రద్ధగా చదివారు. ఎవరైనా చూసి దిద్దుకోవచ్చని అందులో ఉంది. దిద్దుకోవడం హక్కు అని ఒకరు, బాధ్యత అని ఇంకొకరు గ్రహించారు. ఎవరి బడికి వారు ఆ మూడు చాట్‌లలో ఒకదాని నకలు తీసుకుని, పేరు మార్చి, సొంత చాట్ పెట్టుకున్నారు. కొన్ని బడుల్లో ఒకరే ఉపాధ్యాయుడు. అక్కడ చాట్‌లోనూ ఆయన ఒక్కరే. ఆయనే ఆదేశం ఇచ్చి, ఆయనే నోటెడ్ అని రాసుకునేవాడు. ఇంత క్రమశిక్షణ మునుపెన్నడూ చూడలేదని తనిఖీ అధికారులు మెచ్చుకున్నారు.

మాఘమాసంలో జరిగిన సమావేశంలో సభ్యుల మధ్య మాట పెరిగింది.

“పక్షపాతం చూపిస్తున్నారు సార్ మీరు,” అన్నాడు షరీఫ్. “గువ్వ అంటే చాలు, మీ మొహం వెలిగిపోతుంది.”

“నాకు అన్నీ సమానమే,” అన్నారు త్రివిక్రమరావు గారు.

“అట్లయితే ఇప్పటిదాకా ఒక్కటీ ఎందుకు తేల్చలేదండీ?” అన్నారు దమయంతి గారు. ఆవిడ మామూలుగా పై అధికారిని ఒక మాట అనే మనిషి కాదు. పెళ్లిలో ఏదో జరిగి ఉంటుంది.

త్రివిక్రమరావు గారు తన ముందున్న ఫైలు మూసేశారు. “సరే. నా మీద అభ్యంతరం ఉంది కాబట్టి, విధానం ప్రకారం నేను తప్పుకుంటున్నాను. ఎవరి మీద అభ్యంతరం లేదో వారే అధ్యక్షులు. పేర్లు చెప్పండి.”

బెనర్జీ పేరుకు షరీఫ్ అడ్డుపడ్డాడు. షరీఫ్ పేరుకు బెనర్జీ అడ్డుపడ్డాడు. దమయంతి గారి పేరుకు ఇద్దరూ ఒకేసారి అడ్డుపడ్డారు. సంఘంలో వారిద్దరూ ఏకీభవించింది ఆ ఒక్కసారే. మిగిలిన పేరు ఒక్కటే.

“హైమవతి గారంటే ఎవరికైనా అభ్యంతరమా?” అని త్రివిక్రమరావు గారు అడిగారు.

ఎవరూ మాట్లాడలేదు. బెనర్జీ నా వైపు చూసి తల దించుకున్నాడు. వాళ్ల పాపకు లెక్కలు చెప్పింది హైమవతే.

“సార్,” అన్నాను. నాకు మాట్లాడే హక్కు లేదు. అయినా అన్నాను. “ఆవిడ చనిపోయారు.”

“ఆ విషాదం మాకందరికీ తెలిసిందే శేషగిరి మాస్టారూ. విభాగం ప్రగాఢ సానుభూతి మీకు ఎప్పుడూ ఉంటుంది. అయితే రికార్డులో ఆవిడ కొనసాగుతున్నారు. వారంలోగా ఆవిడ నుంచి అభ్యంతరం వస్తే మనం ఆపేద్దాం.”

వారం గడిచింది. హైమవతి విద్యా సంభాషణల ఎంపిక సంఘం అధ్యక్షురాలైంది. బతికి ఉండగా ఆమె స్టాఫ్ రూము సెక్రటరీ పదవికి కూడా ఒప్పుకోలేదు.

ఆమె హయాంలో పనులు చురుగ్గా సాగాయి. ప్రతి ఫైలూ ఆమెకు నోటీసుగా వెళ్లేది. వారం తరువాత ఆమోదం ముద్ర పడేది. ఏళ్లుగా నలుగుతున్న మరుగుదొడ్ల మరమ్మతు, సైన్సు పరికరాలు, ఇద్దరు స్వీపర్ల జీతం బకాయి, అన్నీ కదిలాయి. ఇది చూసి మిగతా విభాగాల వారు కూడా తమ ఫైళ్లు ఆమె పేరు మీదుగా పంపడం మొదలుపెట్టారు. జిల్లాలో అత్యంత సమర్థురాలైన అధికారిగా సమీక్షలో ఆమె పేరు చదివారు. చప్పట్లు కొట్టారు. నేను చప్పట్లు కొట్టలేదు, మినిట్స్ రాస్తున్నాను. ‘చప్పట్లు’ అని రాశాను.

చివరికి ఏ చాట్‌ను ఎంచుకోవాలన్నదీ ఆమె దగ్గరకే వెళ్లింది. ఆ వారం సభ్యులెవరూ అభ్యంతరం చెప్పలేదు. అందరూ అలసిపోయి ఉన్నారు. మొదటి ఫైలు గువ్వది గనక గువ్వ ఖాయమైంది.

అప్పుడు నేను నా దరఖాస్తు పట్టుకుని దమయంతి గారి దగ్గరకు వెళ్లాను. సందేహాల గదిలోని జవాబులను గువ్వలోకి చేర్చమని అందులో రాశాను. రెండు వాక్యాలే.

ఆవిడ చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. “పాత మాటలు మార్చాలంటే మాటాడినవాళ్ల సమ్మతి ఉండాలి మాస్టారూ. ఎవరి మాట వారి సొంతం. ఇది ఓపెన్ సోర్స్ గదా, ఈ విషయంలో చాలా నిక్కచ్చిగా ఉంటారు.”

“ఆవిడ భర్తని కదండీ. నేను సంతకం పెడతాను.”

“ఇల్లయితే మీకొస్తుంది. పొలమైతే మీకొస్తుంది. మాట వారసత్వంగా వచ్చేందుకు మన దగ్గర రూలు లేదు.” ఆవిడ గొంతు తగ్గించారు. “నాక్కూడా ఇష్టం లేదండీ ఇట్లా అనడం. మా చెల్లెలి కూతురు టెన్త్ పాసైంది ఆ గది విని కాదూ.”

“సంవాదిని ఆపేస్తే అవి పోతాయి కదండీ.”

“పోతాయి,” అన్నారు ఆవిడ.

వరండాలోకి వచ్చి నిలబడ్డాను. వెనకే బెనర్జీ వచ్చాడు.

“మాస్టారూ, ఒకటి చెబుతా, ఏమనుకోవద్దు,” అన్నాడు. “ఫైలు ఆవిడకే పెడదాం.”

“ఎవరికి?”

“అధ్యక్షురాలికి. ఆవిడ మాటల మీద ఆవిడ సమ్మతి కావాలి, అంతే గదా. నోటీసు పంపుదాం. వారం ఆగుదాం.”

అతని ముఖంలో నవ్వు లేదు. నేనూ నవ్వలేదు. ఫైలు పెట్టాం.

ఆ వారం గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. బడికి వెళ్లాను, వచ్చాను, అన్నం వండుకున్నాను. కానీ ఫోను ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే పెట్టుకున్నాను. హైమవతి అంత తేలిగ్గా దేనికీ ఒప్పుకునే మనిషి కాదు. కూరలో ఉప్పు దగ్గర నుంచి ప్రశ్నపత్రంలో కామా దాకా ఆమెకు ఏదో ఒక అభ్యంతరం ఉండేది. ఈ ఫైలు చూసి ఉంటే, ఆ జవాబుల్లో రెండు మూడు చోట్ల తొందరలో చెప్పాను, మళ్లీ చెప్పిగానీ పంపనని అనేదే. ఒక్క అభ్యంతరం వస్తే నా ఫైలు పోతుంది. అది తెలిసి కూడా నేను దాని కోసమే ఎదురుచూశాను.

రాలేదు. ఆమోదం ముద్ర వేశారు. బెనర్జీ ఒక ఆదివారం కూర్చుని గదంతా గువ్వలోకి మార్చాడు. సంవాదినిని ఆ నెలాఖరున ఆపేశారు. చాలామంది అందులో ఆ ఆపివేత ఆదేశం కింద నోటెడ్ అని రాయబోయారు గానీ అప్పటికే అది లేదు.

కొత్త చాట్‌కు కొత్త నిబంధన వచ్చింది. పిల్లలు అడిగిన ఏ సందేహమూ ఒక రోజుకు మించి జవాబు లేకుండా ఉండకూడదు, ఉంటే గదికి బాధ్యులైనవారికి మెమో. మా బడికి కొత్త లెక్కల టీచరు ఇంకా రాలేదు. గదికి బాధ్యుడిగా నా పేరు రాశారు.

పదో తరగతిలో నిస్సీ అనే అమ్మాయి అడిగింది: “ఒకాయన ఊరికి గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్లి, అదే దారిలో అరవై వేగంతో తిరిగి వచ్చాడు. మొత్తం మీద సగటు వేగం ఎంత?”

ఇది నాకు కూడా తెలుసనిపించింది. నలభై, అరవై కలిపితే వంద. అందులో సగం యాభై. ‘యాభై’ అని చక్కని అక్షరాలతో రాసి పంపాను. మెమో తప్పిందనుకున్నాను.

కాసేపటికి నిస్సీ దగ్గర నుంచి రెండు ముక్కలు వచ్చాయి. “సార్, కాదేమో సార్. టీచర్ గారిది వినండి.” దాని కింద పాత గది నుంచి తీసిన జవాబొకటి పెట్టింది. ఎప్పుడో ఏ పిల్లవాడో ఇదే లెక్క అడిగినట్టున్నాడు. దాన్ని నేను అంతకుముందు వినలేదు. నొక్కాను.

“యాభై అని ఎవడ్రా చెప్పింది?” అంది హైమవతి. “రెండూ కూడి సగం చేసేస్తే అయిపోతుందా? మెల్లిగా వెళ్లినప్పుడు ఎక్కువసేపు పట్టింది గదా, ఆ సేపంతా ఎక్కడికి పోయింది? దూరం నూట ఇరవై అనుకో. పోవడానికి మూడు గంటలు, రావడానికి రెండు. రెండొందల నలభైని అయిదుతో భాగించు. నలభై ఎనిమిది. నువ్వేం దిగులు పడమాక. మా ఇంట్లో ఒకాయన ఉన్నారు, ఆయనా యాభయ్యే అన్నారు. పైగా వాదించారు.”

వెనక ఎక్కడో గిన్నె చప్పుడైంది. అక్కడితో ఆగిపోయింది.

మినిట్స్ పుస్తకం తెరిచి తేదీ వేశాను. అధ్యక్షురాలి నుంచి అభ్యంతరం అందినది అని రాశాను. ఏ ఫైలుపై అన్న గడిని ఖాళీగా వదిలేశాను. తరువాత గువ్వలో యాభై తీసేసి నలభై ఎనిమిది పెట్టాను.

నిస్సీ ఇంకా అక్కడే ఉంది. ఏదో రాస్తున్నట్టు, చెరిపేస్తున్నట్టు కనిపించింది. చివరికి అడిగింది:

“సార్, ఆ ఒకాయన మీరేనా?”

“నేనేనమ్మా,” అని రాసి పంపాను.